దుకాణం ఎవరి పేరు మీద ఉంది?



మన సొసైటీ దఫ్తరుకు వచ్చే దరఖాస్తుల్లో మూడు రకాలు ఎప్పుడూ ఉంటాయి: వైద్యం, ఆడపిల్ల పెళ్లి, పిల్లల ఫీజు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల వాళ్లం గనుక మనకు నాలుగోది కూడా ఉంది. అది వీసా. వెనుకట "కొడుకు దుబాయ్ పోతున్నడు, టికెట్టుకు తక్కువ పడ్డయి" అని అడిగేవారు. ఇప్పుడు ఆ అడగడం మారింది. "తమ్ముడు అక్కడనే సొంతంగ దుకాణం పెడుతున్నడు, రెండు లక్షలు ఖర్జె హసనా ఇప్పించండి" అంటున్నారు. కూలికి పోయినవాడు యజమాని అవుతున్నాడంటే సంతోషించని వారెవరు? మేమూ సంతోషించాం. కొందరికి ఇచ్చాం కూడా.

కానీ కొన్నేళ్ల క్రితం ఒక చెల్లెమ్మ ముగ్గురు పిల్లలతో మా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త సౌదీలో పదకొండేళ్లు దర్జీ దుకాణం నడిపాడు. నాలుగు మిషన్లు, బట్టల సరుకు, గది యజమానికి కట్టిన డిపాజిట్, ఖాతాదారుల దగ్గర రావలసిన బాకీలు, అన్నీ అతని చెమటే. ఒక రాత్రి గుండెపోటుతో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు. అక్కడి కఫీల్ చెడ్డవాడేమీ కాదు. మయ్యత్ ఖర్చు భరించాడు, కాగితం ప్రకారం ఇవ్వాల్సింది ఇచ్చాడు. కాగితం ప్రకారం చనిపోయినతను 1,200 రియాళ్ల జీతానికి పనిచేసే దర్జీ. సౌదీ కార్మిక చట్టం లెక్క ఇలా ఉంటుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి ఒక నెల జీతం. అంటే రెండున్నర నెలలు, ఆరు నెలలు కలిపి ఎనిమిదిన్నర నెలలు. మొత్తం 10,200 రియాళ్లు. దుకాణం మాత్రం కఫీల్ దే.

"దుకాణం మాదే సాబ్, కాగితమొక్కటే వాళ్ల పేరు మీదుండె" అని ఆమె చాలాసార్లు అన్నది. ఆమె అన్నది నిజమే. అయినా ఏ అదాలత్ ముందూ ఆ నిజం నిలవదు. పిల్లలున్న భార్యకు భర్త ఆస్తిలో ఎనిమిదో వంతు వస్తుందని మనందరికీ తెలుసు. ఆస్తి అతని పేరు మీద ఉంటేనే కదా ఆ వాటా లెక్క వచ్చేది!

ఆ రోజు నుంచి విదేశాల్లో వ్యాపారం గురించి వచ్చే ప్రతి దరఖాస్తుకు మేము ముందుగా ఒకే ప్రశ్న వేస్తున్నాం: దుకాణం ఎవరి పేరు మీద ఉంది? ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో, ఏ దేశంలో దానికి ఏ జవాబు దొరుకుతుందో దాతలకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మీ సొమ్ము ఎటు పోతున్నదో తెలుసుకునే హక్కు మీకుంది.

రెండు వేర్వేరు అనుమతులు

పరాయి దేశంలో పని చేయడానికి అనుమతి వేరు, వ్యాపారం చేయడానికి అనుమతి వేరు. మనవాళ్లలో చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. కూలి వీసా మీద పోయినవాడికి ఒక యజమాని ఉంటాడు, అతని పేరే కఫీల్. ఇఖామా మీద వృత్తి కూడా రాసి ఉంటుంది. ఆ యజమాని దగ్గర, ఆ పని చేసుకోవడానికే ఆ కార్డు. సౌదీ కార్మిక చట్టం 39వ అధికరణ దీన్ని సూటిగా చెబుతుంది. కార్మికుణ్ని వేరొకరి దగ్గర పనిచేయనివ్వకూడదు, అతను సొంత లెక్క మీద పనిచేసుకోవడానికీ వదలకూడదు.

వ్యాపారానికి కావలసినవి వేరు. వాణిజ్య లైసెన్స్ కావాలి, గది కిరాయి ఒప్పందం కావాలి, బలదియా అనుమతి కావాలి, బ్యాంకు ఖాతా కావాలి. ఇవి ఎవరి పేరు మీద ఉంటే చట్టం దృష్టిలో దుకాణం వారిదే. డబ్బు ఎవరు పెట్టారు, తెల్లవారుజామున షట్టర్ ఎవరు ఎత్తారు అన్నది లెక్కలోకి రాదు.

ఈ రెండు అనుమతుల మధ్య ఉన్న సందులోనే 'ఆజాద్ వీసా' పుట్టింది. ఆజాద్ వీసా అనేది ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ లేదు. వీసా అమ్మినవాడు కాగితం మీద కఫీల్ గా ఉంటాడు, మనవాడు బయట ఎక్కడైనా పని చేసుకుంటాడు, కఫీల్ కు నెలకో ఏడాదికో ఇంత అని కడతాడు, ఇఖామా రెన్యూవల్ కు మళ్లీ కడతాడు. పేరులో ఆజాదీ ఉన్నది గానీ, అంతకంటే ఎక్కువ కట్టుబాటు ఇంకెక్కడా లేదు. కఫీల్ కు కోపం వచ్చి, లేదా ఎక్కువ డబ్బు అడిగి దొరక్క, 'హురూబ్' రాయించాడంటే, అంటే పారిపోయాడని ఫిర్యాదు పెట్టాడంటే, మనవాడు ఖల్లీవెల్లి అయ్యే ప్రమాదం ఉంది. దుకాణం పెట్టినవాడికి ఈ భయం రెట్టింపు. కూలివాడు పోగొట్టుకునేది జీతం, దుకాణదారుడు పోగొట్టుకునేది జీతంతో పాటు పెట్టుబడి కూడా.

సౌదీ: పేరు అరువిస్తే ఇద్దరికీ శిక్ష

సౌదీ పేరు మీద విదేశీయుడు వ్యాపారం నడపడాన్ని అక్కడ 'తసత్తుర్' అంటారు. కప్పిపుచ్చడం అని అర్థం. ఇది ఎప్పటి నుంచో నేరమే. ఏళ్ల తరబడి చూసీ చూడనట్టు నడిచింది గనుక మనవాళ్లు దాన్ని పద్ధతి అనుకున్నారు. 2020లో వచ్చిన కొత్త చట్టం దీన్ని బాగా బిగించింది. శిక్ష ఐదేళ్ల దాకా జైలు, 50 లక్షల రియాళ్ల దాకా జరిమానా. విదేశీయుడైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపించి, మళ్లీ పనికి రానివ్వరు. సమాచారం ఇచ్చినవారికి వసూలైన జరిమానాలో 30 శాతం దాకా బహుమతి కూడా ఉంది. అంటే పక్క దుకాణంవాడితో చిన్న తగాదా చాలు.

తప్పు సరిదిద్దుకోవడానికి ఆ ప్రభుత్వం గడువు ఇచ్చింది. ఆ గడువులో వ్యాపారాన్ని చట్టబద్ధంగా నమోదు చేసుకున్నవారికి శిక్ష నుంచి మినహాయింపు దొరికింది. అది 2022 ఫిబ్రవరి 16తో ముగిసింది. ఆ తర్వాత కూడా "మా కఫీల్ మంచోడు, ఏమీ కాదు" అని దుకాణం పెట్టేవారున్నారు. ఇక్కడ కఫీల్ మంచితనం పనికిరాదు, పట్టుబడితే అతనూ ముద్దాయే. ఇద్దరూ సంతకాలు పెట్టుకుని దాచుకున్న లోపలి ఒప్పందం చట్టం ముందు చెల్లదు, పైగా అదే సాక్ష్యమవుతుంది.

అంతకు ముందు జరిగిన మార్పులను కూడా గుర్తు చేసుకోవాలి. 2011లో నితాఖాత్ వచ్చింది. 2013లో కాగితాలు సరిచేసుకోవడానికి నవంబరు 3 దాకా గడువిచ్చి, తర్వాత తనిఖీలు మొదలుపెట్టారు. ఆ ఏడాది మన ఊళ్లకు ఎంతమంది ఖాళీ చేతులతో తిరిగొచ్చారో మీరు చూశారు. 2016 సెప్టెంబరు నుంచి మొబైల్ ఫోన్ల అమ్మకం, రిపేరు పూర్తిగా సౌదీలకే అన్నారు. 2018 సెప్టెంబరు నుంచి రెడీమేడ్ బట్టలు, ఫర్నిచర్, వంటసామాన్ల దుకాణాల్లో అమ్మేవారిలో ఎక్కువమంది సౌదీలే ఉండాలన్నారు. ఎంత నైపుణ్యం ఉన్నా, ఎంత నిజాయితీగా నడిపినా, ఒక ప్రకటనతో ఆ వ్యాపారం చేయి దాటిపోయింది.

చట్టబద్ధమైన దారి లేదా అంటే ఉంది. పెట్టుబడుల మంత్రిత్వ శాఖ దగ్గర విదేశీ పెట్టుబడిదారుడిగా నమోదు చేసుకోవచ్చు. 2019లో 'ప్రీమియం రెసిడెన్సీ' కూడా వచ్చింది. దానితో కఫీల్ లేకుండా ఉండవచ్చు, వ్యాపారం చేయవచ్చు. దాని ఫీజు ఏడాదికి లక్ష రియాళ్లు, శాశ్వతంగా కావాలంటే 8 లక్షల రియాళ్లు. ఏడాది ఫీజే మన డబ్బులో 20 లక్షలు దాటుతుంది. దర్జీ దుకాణానికి, బకాలాకు సరిపోయే దారి కాదది. కాబట్టి సౌదీలో చిన్న దుకాణం పెడతానని ఎవరైనా దరఖాస్తు ఇస్తే, అది దాదాపుగా కఫీల్ పేరు మీది దుకాణమే అని మనం అర్థం చేసుకోవాలి.

దుబాయ్, షార్జా: తలుపు తెరుచుకుంది, మెట్లు చూసుకోవాలి

ఎమిరేట్స్ పరిస్థితి వేరు. అక్కడ కూడా ఫ్రీజోన్ బయట కంపెనీ పెట్టాలంటే 51 శాతం వాటా స్థానికుడి పేరు మీద ఉండాలనే నియమం చాలాకాలం నడిచింది. 2021 జూన్ 1 నుంచి ఎక్కువ వ్యాపారాలకు ఆ నియమం తీసేశారు. ఇప్పుడు కరీంనగర్ వాడు కూడా తన పేరు మీదే నూరు శాతం వాటాతో లైసెన్స్ తీసుకోవచ్చు. ఇది చిన్న విషయం కాదు. ఆ చెల్లెమ్మ భర్తకు సౌదీలో దొరకనిది ఇదే.

వరుస ఇలా ఉంటుంది. ముందు ఏ వ్యాపారమో తేల్చి, పేరు నమోదు చేయించాలి. దుబాయ్ లో అయితే ఆర్థిక, పర్యాటక శాఖ దగ్గర, షార్జాలో అయితే అక్కడి ఆర్థికాభివృద్ధి శాఖ దగ్గర. గది కిరాయికి తీసుకుని ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలి, దుబాయ్ లో దాన్ని 'ఇజారి' అంటారు. హోటల్, సెలూన్ వంటివాటికి మున్సిపాలిటీ తనిఖీ ఉంటుంది. లైసెన్స్ వచ్చాక ఇమిగ్రేషన్ లో కంపెనీ కార్డు తీసుకోవాలి. దాని మీద యజమానికి ఇన్వెస్టర్ లేదా పార్ట్‌నర్ వీసా వస్తుంది. తర్వాత మెడికల్, ఎమిరేట్స్ ఐడీ. పనివాళ్లను పెట్టుకుంటే ఒక్కొక్కరికి కార్మిక శాఖ పర్మిట్ వేరుగా తీసుకోవాలి.

మనవాళ్లు ఎక్కువగా జారిపడే చోట్లు నాలుగున్నాయి.

మొదటిది ఫ్రీజోన్. ఫ్రీజోన్ లైసెన్స్ చవకగా వస్తుందని ప్రకటనలు చూసి కడతారు. ఆ ఒక్క లైసెన్స్ తో దేరా బజారులో షట్టర్ తెరవలేమని తర్వాత తెలుస్తుంది.

రెండోది విజిట్ వీసా. విజిట్ మీద పోయి దుకాణాలు చూడవచ్చు, కాగితాలు మొదలుపెట్టవచ్చు. కౌంటర్ వెనుక నిలబడి పని మాత్రం చేయకూడదు. పర్మిట్ లేని మనిషిని పనిలో పెట్టుకున్న యజమానికి 2024 నుంచి జరిమానా లక్ష దిర్హాములతో మొదలై 10 లక్షల దాకా ఉంది. ఊరి పిల్లవాణ్ని సాయానికి కూర్చోబెట్టుకున్నా ఇదే లెక్క.

మూడోది చెక్కులు. అక్కడ గది కిరాయి ముందు తేదీలు వేసిన చెక్కుల మీద నడుస్తుంది. 2022 జనవరి నుంచి, ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే జైలుకు పంపడం చాలావరకు తగ్గింది. కానీ బాకీదారు నేరుగా కోర్టులో వసూలు కేసు వేయవచ్చు, దేశం దాటకుండా ఆపించవచ్చు. ఈదుకు ఇంటికి బయల్దేరినవాడు ఎయిర్‌పోర్టులో ఆగిపోయేది ఇందుకే.

నాలుగోది ఏటేటా వచ్చే ఖర్చు. లైసెన్స్ ప్రతి సంవత్సరం రెన్యూవల్ చేయాలి. 2018 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది. 2023 జూన్ తర్వాత మొదలైన లెక్కల సంవత్సరాల నుంచి, లాభం 3,75,000 దిర్హాములు దాటితే పైమొత్తం మీద 9 శాతం పన్ను ఉంది. దరఖాస్తుదారులు దుకాణం తెరిచే ఖర్చు చెబుతారు, మొదటి ఏడాది నిలబడే ఖర్చు చెప్పరు. మేము రెండోదే అడుగుతున్నాం.

మిగిలిన దేశాల్లోనూ నియమం దేశానికొకటి. కువైట్ లో విదేశీయుడు మామూలుగా వ్యాపారం చేయాలంటే 51 శాతం కువైటీ వాటా ఉండాలి. ఒమాన్ లో 2020 జనవరి నుంచి విదేశీ పెట్టుబడి చట్టం అమల్లో ఉన్నా, చిన్న చిన్న వ్యాపారాలు కొన్నింటిని ఒమానీలకే కేటాయించారు. బహ్రెయిన్ 2017లో కఫీల్ లేకుండా పని చేసుకునే ఫ్లెక్సీ పర్మిట్ తెచ్చి, 2022లో ఆపేసింది. ఒకరికి నడిచిన దారి రేపు మరొకరికి నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

బయల్దేరే ముందు ఇక్కడ చూడాల్సినవి

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ కిందికి వస్తుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం వారు గల్ఫ్ తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్స్ ఉండాలి. మనకు ఆ దఫ్తరు హైదరాబాద్ లో ఉంది. ఆ దారిలో పోయినవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోదగిన ఫీజు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఇంతకు మించి అడిగాడంటే అతను ఏజెంటు కాదు, వీసాల బేరగాడు. విజిట్ వీసా మీద ఎక్కించిన మనిషికి ఈ బీమా ఉండదు, ఒప్పందమూ ఉండదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా ఉద్యోగాలకు పంపుతున్నారు, యువకులు ముందు అక్కడ విచారించాలి.

గల్ఫ్ లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇస్తున్న 5 లక్షల ఎక్స్‌గ్రేషియాకు కలెక్టరేట్ లో దరఖాస్తు పెట్టాలి. ఆ కాగితాలు రాసిపెట్టే పని మన సొసైటీ చేస్తుంది, రుసుము ఏమీ లేదు.

మేము ఏం నిర్ణయించాం

ఇక దాతలు అడిగే మాట ఉంది. "కోరుట్లలో, మెట్‌పల్లిలో ఆజాద్ వీసాల మీదనే ఇళ్లు కట్టారు కదా? మీరెందుకు భయపెడుతున్నారు?" నిజమే, కట్టారు. వారి కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. అయితే సొంత డబ్బుతో సాహసం చేయడం వేరు, ఇంకొకరి జకాత్, సదఖా సొమ్ముతో చేయించడం వేరు. మీరిచ్చింది అమానత్. గెలిచిన పది ఇళ్లు రోడ్డు మీదికి కనిపిస్తాయి. ఓడిన ఇల్లు మా దఫ్తరుకు వస్తుంది.

ఇంకొక మాట కూడా ఉంది, దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. మనం ఇవ్వకపోతే ఆ యువకుడు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి పోతాడు. ఒకరిని అలా కాదన్నాం. అతను మిత్తికి తెచ్చే పోయాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడని వింటున్నాం, అల్లాహ్ అతన్ని కాపాడాలి. కాదనడం తప్పయిందా అని కమిటీలో ఇప్పటికీ చర్చ నడుస్తున్నది. చివరికి మేము కుదిరిన మాట ఇది: కాదన్న ప్రతిసారీ, అవునని చెప్పగలిగే ఇంకొక దారి కూడా చూపాలి.

ఆ ప్రకారం ఆజాద్ వీసాకు, కఫీల్ పేరు మీది దుకాణానికి ఇకపై సొసైటీ సొమ్ము ఇవ్వదు. తన పేరు మీద లైసెన్స్ వచ్చే దేశంలో వ్యాపారం పెట్టేవారికి ఖర్జె హసనా ఇస్తాం. ఆ సొమ్ము చేతికి కాకుండా, కాగితం వచ్చిన కొద్దీ విడతలుగా అందుతుంది. మోసపోయి అక్కడ చిక్కుకున్నవారి తిరుగు టికెట్టుకు సాయం చేస్తాం. అప్పుల్లో మునిగి తిరిగొచ్చినవారిని జకాత్ కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో గారిమీన్ కింద, ఆలిములను సంప్రదించి చూస్తాం. ఇక్కడే వ్యాపారం పెట్టుకుంటామన్నవారికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం దరఖాస్తు నింపిపెడతాం. అందులో మైనారిటీలకు గ్రామాల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం సబ్సిడీ ఉంది. మిగతాదానిలో ఎక్కువ భాగం బ్యాంకు అప్పు గనుక మిత్తి విషయం ఎవరికి వారు ఆలిములను అడిగి తేల్చుకోవాలి.

మీ ఇంటికి నేరుగా వచ్చి అడిగేవారూ ఉంటారు. ఇచ్చే ముందు ఐదు మాటలు అడగండి. లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది? నీ వీసా కూలిదా, ఇన్వెస్టర్ దా? కిరాయి చెక్కుల మీద సంతకం ఎవరిది? భాగస్తులుంటే వాటాలు రాసుకున్నారా? రేపు నీకేమైనా అయితే నీ భార్య చేతిలో ఏ కాగితం ఉంటుంది? ఇలా అడిగితే అనుమానించినట్టు అవుతుందని మొహమాటపడవద్దు. దివ్య ఖురాన్ లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరె బఖరాలోని 282వది, అప్పును రాసి పెట్టుకోవడం గురించే. రాసుకోవడం అపనమ్మకం అయితే మనకు ఆ ఆదేశం వచ్చేదే కాదు.

ఆ చెల్లెమ్మ ఇప్పుడు ఇంట్లోనే రెండు మిషన్లు పెట్టుకుని బట్టలు కుడుతున్నది. మిషన్లు కొన్నది మీ సొమ్ముతోనే. పోయిన రంజాన్ లో బిల్లు తెచ్చి చూపించింది, కొన్నవారి పేరు దగ్గర తన పేరే రాయించుకున్నది.

మీరిచ్చిన ప్రతి రూపాయిని అల్లాహ్ స్వీకరించుగాక. పరాయి నేల మీద కష్టపడుతున్న మన పిల్లల సంపాదన వారి పేరు మీదే, వారి వారసుల చేతికే చేరేలా చేయుగాక. ఆమీన్.